నిద్రలాంటిదేనని చెప్పాను

ఇండియాలో నేను పశువైద్యం చదివాను. ఆ డిగ్రీ ఇక్కడ అమెరికాలో చెల్లాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. ఈ ఏడు రాద్దాం, వచ్చే ఏడు రాద్దాం అనుకుంటూ రాయనేలేదు. వర్క్ పర్మిట్ వచ్చాక టెక్సస్‌లో, మేముండే ప్లేనో ఊళ్లో ఇంటికి దగ్గరున్న జంతువుల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేరాను. కుక్కల్ని కదలకుండా పట్టుకోవడం, బరువు చూడటం, టేబుల్ తుడవడం. ఇక బతకవు అనుకున్నవాటిని చివరి ఇంజెక్షన్‌కి సిద్ధం చెయ్యడం కూడా నా పనే.

ఒక శనివారం ఫ్రెండ్స్ ఇంట్లో లంచ్‌కి వెళ్లాం. వేరే రాష్ట్రంలో ఎవరో ఖైదీకి నైట్రోజన్ గ్యాస్‌తో మరణశిక్ష అమలు చేశారని అప్పుడే వార్తల్లో వచ్చింది. బిర్యానీ తింటూ మగవాళ్లంతా ఆ వార్త మీద పడ్డారు. ఒకాయన గ్యాసే మేలన్నాడు. ఇంకొకాయన, తుపాకీతో కాల్చెయ్యడం నయం, క్షణంలో అయిపోతుంది అన్నాడు. "వాడు చంపినప్పుడు అవతలి మనిషికి నొప్పి పుట్టలేదా? వాడి నొప్పితో మనకేం పని?" అన్నాడు మూడో ఆయన.

అప్పుడు ఆ ఇంటాయన నావైపు తిరిగాడు. "వదినా, మీరు చెప్పండి. కుక్కలకిచ్చే మందే టెక్సస్‌లో మనుషులకీ ఇస్తారటగా. నొప్పుంటుందా?"

ఈ దేశం వచ్చాక నలుగురిలో నన్ను డాక్టర్‌గా ఒక మాట అడగడం అదే మొదటిసారి. "ఏమీ ఉండదండి. నిద్రలాంటిదే" అన్నాను. అందరూ తలలూపారు. నాకు లోపల బాగానే అనిపించింది.

రెండు మూడు వారాల తర్వాత ఒకావిడ ముసలి కుక్కని దుప్పట్లో చుట్టుకుని క్లినిక్‌కి వచ్చింది. ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. స్కూల్ బస్ నడుపుతుంది. కుక్కకి కిడ్నీలు పోయాయి. ముందు దానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాం. అది ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని మగతలోకి జారాక, దాని కాలి నరంలోకి డాక్టర్ అసలు మందు ఎక్కించింది. ఆవిడ దాని చెవులు నిమురుతూనే ఉంది. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

డాక్టర్ వెళ్లాక ఆవిడ నేల మీదే కూర్చుని అడిగింది. "మరణశిక్షకి జైల్లో వాడేది కూడా ఈ మందేనా?"

"అవునండి."

"మనుషులకీ ఇలాగే ఉంటుందా?"

ఊరికే అడుగుతోందనుకున్నాను. జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. "ఇలాగే. నిద్రలాంటిదే."

ఆవిడ కుక్క మెడపట్టీ విప్పి చేతిలోకి తీసుకుంది. "మా తమ్ముడికి వచ్చే నెల డేట్ ఇచ్చారు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ కుక్కకి ముందు మత్తిచ్చామని. రోజూ ఇదే పని చేసే చేతులు సూది గుచ్చాయని. తనకిష్టమైన మనిషి ఒళ్లో అది పోయిందని. జైలు గదిలో ఇవేవీ ఉండకపోవచ్చని, అక్కడేం జరుగుతుందో నాకసలు తెలీదని చెప్పాల్సింది. కుక్క మీద దుప్పటి సర్దాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "థాంక్యూ డాక్టర్. వాడికి చెప్తాను" అంది. నేను డాక్టర్ని కానన్న మాట కూడా అనలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "ధైర్యమేగా చెప్పావు. తప్పేముంది?" అన్నాడు. ఆవిడ నంబర్ క్లినిక్ కంప్యూటర్‌లో ఉంది. ఫోన్ చేద్దామని రోజూ అనుకునేదాన్ని. చేసి ఏమని చెప్పను, నిద్ర కాకపోవచ్చు అనా? అలా అనుకుంటుండగానే ఆ నెలా గడిచిపోయింది.

మా క్లినిక్ దహనం చేయించి తెప్పించిన కుక్క అస్థికల పెట్టె తీసుకోవడానికి ఆవిడ చాలా ఆలస్యంగా వచ్చింది. నన్నే అడిగి పిలిపించుకుంది.

"జైల్లో చాలాసేపు బయట కూర్చోబెట్టారు" అంది. "లోపలికి పిలిచేసరికి సూదులు పెట్టేసి ఉన్నాయి. మధ్యలో అద్దం. చెయ్యి పట్టుకోనివ్వరు. వాడు తల తిప్పి నన్ను చూశాడు. తర్వాత గురక పెట్టాడు. పెద్దగా, ఊపిరి అందనట్టు. నువ్వు చెప్పిన నిద్ర అదేనా?"

"నాకు తెలీదండి" అన్నాను. "ఆ రోజూ తెలీదు. తెలిసినట్టు చెప్పాను. నేనిక్కడ డాక్టర్ని కూడా కాదు."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నిద్రలాంటిదేనని చెప్తే, నీకెలా తెలుసని వాడు అడిగాడు. డాక్టర్ చెప్పిందన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ వారం కాస్త తిన్నాడు కూడా." పెట్టెని దగ్గరికి లాక్కుంది. "నువ్వు అప్పుడే నిజం చెప్పి ఉన్నా, నేను వాడికి ఇదే మాట చెప్పేదాన్నేమో. కానీ అప్పుడది నా అబద్ధం అయ్యేది. తెలిసి చెప్పేదాన్ని."

క్షమించమన్నాను. తలూపింది. అది సరేననో, విన్నాననో తెలీలేదు. ఆ తమ్ముడు ఎవర్ని చంపాడో, ఎందుకు చంపాడో నేనెప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అతని చేతిలో చనిపోయిన అమ్మాయి తల్లి ఆ రోజు పక్క గదిలోంచి చూస్తోందని మాత్రం వెళ్తూ వెళ్తూ చెప్పింది. "ఆవిడా ఏడ్చింది" అంది.

ఇప్పుడు కుక్కని తెచ్చినవాళ్లు నొప్పుంటుందా అని అడిగితే, మేం ఏ ఇంజెక్షన్ ముందిస్తామో, ఏది తర్వాతిస్తామో చెప్తాను. దానికేమీ తెలియకూడదనే ఇలా చేస్తామని చెప్తాను. అది దాటి అడిగితే తెలీదంటాను. ఒకాయన ఆ మాట నచ్చక డాక్టర్‌కి కంప్లెయింట్ చేశాడు. ఆవిడ నన్ను పిలిచి, కాస్త మెత్తగా చెప్పమంది. మెత్తగానే చెప్తున్నాను. ఆ బస్ నడిపే ఆవిడ మళ్లీ మా క్లినిక్‌కి రాలేదు.