కుట్టుకొక ముడి

ఈ రోజు పొద్దున మా కింది వాటాలో కాపురముండే అమ్మాయి ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మొహం చూసి, వాళ్ళింట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడ్డాను. తీరా చూస్తే సంగతి టమాటా మొక్కలది. మేడ మీద నాలుగు కుండీల్లో పెంచుతున్న మొక్కల ఫోటో తీసి, మిద్దె తోటల వాళ్ళ గ్రూపు ఒకదాంట్లో కొత్తగా చేరి, 'ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి' అని అడిగిందట. 'ముందు పాత పోస్టులు చదువుకుని రండి' అని ఒకరు, 'ఇవి టమాటాలా, తోటకూరా' అని ఇంకొకరు, దాని కింద వరసగా పడీపడీ నవ్వే బొమ్మలు. "తీసేయనా ఆంటీ, సిగ్గుగా ఉంది" అంది. "తీశావంటే నేనూరుకోను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే స్నానానికి వెళ్ళిన మా ఆయన లోపలినుంచే "ఏమైంది, ఏమైంది" అని కేకలు పెట్టారు. ఆ పిల్ల బిత్తరపోయింది. కాఫీ ఇచ్చి, పుల్ల మజ్జిగ నీళ్ళలో కలిపి ఆకుల మీద చల్లమని చెప్పి పంపించాను. పంపించాక కూడా నా ఒళ్ళు మంట తగ్గలేదు. రండి రండి అని పిలిచి, వచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టి నవ్వే జనమంటే నాకు గిట్టదు. గిట్టకపోవడానికి కారణముంది. ఒకప్పుడు అలా నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నేనున్నది క్రోషా అల్లికల గ్రూపులో. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం ఇంకో ఐదేళ్ళుందనగా, సాయంత్రాలు తోచక, ఫోనులో వీడియోలు చూసి ఆ కొక్కెం సూది చేతపట్టాను. నా మొదటి అల్లిక టీవీ మీద వేసే గుండ్రటి గుడ్డ. గుండ్రమని నేననుకున్నానంతే, ఎండలో పెట్టిన అప్పడంలా అంచులన్నీ పైకి లేచాయి. అయినా గ్రూపులో పెడితే 'మొదటిసారికే సూపర్ అక్కా' అని హృదయాలు కురిశాయి. వెర్రి సంతోషమేసింది, అబద్ధమెందుకు. ఆ గ్రూపు తలుపు దగ్గర ఒక బొమ్మ ఉండేది. రెండు ఏనుగులు తొండాలెత్తి పూలు చల్లుతుంటాయి, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో 'అల్లిక మీద ఇష్టమున్న అందరికీ సాదర స్వాగతం' అని ఉంటుంది. రెండేళ్ళు తిరిగేసరికి నేనక్కడ పెద్దదాన్నయిపోయాను. అందరికీ టీచరక్కను. కొత్తవాళ్ళు వంకర టింకర టోపీ ఒకటి అల్లి పెడితే, 'తల ఎవరిది, గుమ్మడికాయదా?' అని రాసి, దానికి వచ్చే నవ్వులు చూసుకుని మురిసేదాన్ని. బళ్ళో ఏ పిల్లనూ ఒక్కనాడు అలా అనలేదు. ఫోనులో అనడానికి మాత్రం నోరెలా వచ్చిందో! ఇంకొకటి కూడా చెప్పాలి. మీదే ఊరని ఎవరడిగినా నెల్లూరని రాసేదాన్ని. ఇల్లు నెల్లూరులోనే కాబట్టి అది అబద్ధం కాదు. కానీ నేను పుట్టింది ముత్తుకూరు దాటాక సముద్రపు ఒడ్డున, చేపలు పట్టి బతికే పాళెంలో. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. టౌనులో ఉప్పుచేప వేయించుకోవాలంటే వంటింటి కిటికీలు మూసి వేయించుకునే మనిషిని, ఫోనులో మాత్రం ఎలా తెరుస్తాను?

అలాంటి రోజుల్లో మా మామ మా ఇంటికొచ్చాడు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. అరవై దాటినా పడవెక్కడం మానలేదు. ఒకరోజు పడవను అలల్లోకి నెడుతుంటే కాలుజారి, పడవ అంచు మోకాలికి తగిలింది. ఇక సముద్రం మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. మోకాలికి రోజూ కసరత్తు చేయించాలంటే ఆసుపత్రికి మా ఇల్లే దగ్గరని రెండు నెలలు ఉండటానికి వచ్చాడు. చేతిలో ఉప్పుచేపల మూట, జేబులో గాలివాన కబుర్లు చూసుకోవడానికి కొడుకు కొనిచ్చిన ఫోను. వచ్చిన మర్నాడే వంటింటి కిటికీలు బార్లా తెరిచి "ఏందిమే ఈ ఉక్క, గాలి రానీ" అన్నాడు. నేను మూయడం, ఆయన తెరవడం, రెండు నెలలూ ఇదే పని. మిగతా వేళంతా బాల్కనీలో కుర్చీలో కూర్చునేవాడు. మాట్లాడడు, టీవీ చూడడు. చేతులు మాత్రం మోకాళ్ళ మీద కదులుతుండేవి, కనపడని తాడేదో లాగుతున్నట్టు. ఇంటిల్లిపాదినీ మాటలతో చంపుకు తినే మనిషి, 'ఇంకెందుకుమే నేను' అని ఒక్కసారి అన్నాడు. అంతే, మళ్ళీ అనలేదు.

ఒక సాయంత్రం నేను అల్లుకుంటుంటే పక్కన చేరాడు. "ఒక్క సూదేనా? ఒక్క దారమేనా?" అని ఆరా తీశాడు. ఎలా ఉందో చూద్దామని కొస పట్టుకుని కొంచెం లాగాడు. జరజరమని నాలుగు వరసలు ఊడి ఒళ్ళో పడ్డాయి. పది రోజుల పని! నేను లబోదిబోమంటుంటే ఆయన నాకంటే ఎక్కువ హడలిపోయాడు. "ఏందిమే ఇది! కొస లాగితే అంతా ఊడొస్తే, దీన్నొక పనంటారా? వలలో ఒక కన్ను తెగితే ఆ కన్నే పోవాల. పక్క కన్ను నిలబడాల. ముడెయ్యకుండా ఎట్టా వదిలేస్తారు?" అన్నాడు. క్రోషాలో ముళ్ళుండవని, లూపులో లూపు దూర్చుకుంటూ పోవడమేనని ఎంత చెప్పినా చెవికెక్కించుకోలేదు. సూది లాక్కున్నాడు. లూపు తీయడం మూడు రోజుల్లో పట్టుబడింది. కానీ ప్రతి లూపుకూ దారం ఉండ మొత్తాన్ని అందులోంచి దూర్చి బిగించేవాడు. ఉండ పెద్దదై దూరకపోతే, దారాన్ని వల అల్లే సూదికి చుట్టుకున్నాడు. కుట్టుకొక ముడి. నేను నాలుగు వరసలు అల్లే వేళకు ఆయనది అర వరస కూడా అయ్యేది కాదు. అయితేనేం, చేతుల్లోకి పని వచ్చింది, నోట్లోకి మాట వచ్చింది. గూడూరు నిమ్మకాయలు పోసుకోవడానికని ఒక తెల్ల సంచి మొదలుపెట్టి, నెల తిరక్కముందే పూర్తిచేశాడు. వంటింట్లో కొక్కేనికి తగిలిస్తే ఇరవై కాయలు మోసింది, ఒక్క అంగుళం సాగలేదు.

గ్రూపులో చేరతానన్నది ఆయనే. ఏనుగుల బొమ్మ చూపించి "అందరికీ అని రాసినారు గదా" అన్నాడు. చేర్చాను. చేర్చానే గానీ, ఈయన మా మామ అని ఎక్కడా రాయలేదు. తన పేరుతో, పేరు పక్కన నెల్లూరు జిల్లా అని ఊరితో, సముద్రం ముందు నిలబడ్డ తన ఫోటోతో, సంచి బొమ్మ తనే పెట్టాడు. ఫోనుకు నోటితో చెబితే అదే రాసుకుంటుంది గదా, 'నా మొదటి పని, చూసి చెప్పండి' అని చెప్పి రాయించాడు. గంటలో మొదలైంది. 'ఇది క్రోషానా, చేపల వలా?' 'అన్నా, మార్కెట్టు పక్క సందులో, తప్పిపోయి ఇటొచ్చావు.' 'నీసు వాసన ఇక్కడిదాకా వస్తోంది, ఎవరైనా అగరొత్తి వెలిగించండి.' దాని కింద నవ్వులే నవ్వులు. ఇంతలో ఎవరో నన్ను పిలిచారు: 'టీచరక్కా, మీ నెల్లూరాయనే, మీరేమంటారు?' నేనేమన్నాను? అందరూ చూస్తున్నారు గదాని ఒక నవ్వే బొమ్మ పెట్టి ఫోను బోర్లించాను. ఇప్పటికీ ఆ వేలిని చూసుకుంటే నాకు రోత.

"ఏమంటా ఉండారుమే?" అని మామ కుర్చీలోంచే అడిగాడు. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయట, నన్ను చదవమన్నాడు. చదివాను. లేనివన్నీ చదివాను. 'చాలా బాగుంది, గట్టిగా ఉంది, మాకూ నేర్పండి' అన్నారని నోటికొచ్చినట్టు చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, ఫోను తీసుకుని, ఒక్కొక్కరి కిందా 'ధన్యవాదాలు తల్లీ', 'ధన్యవాదాలు నాయనా' అని పెట్టుకుంటూ పోయాడు. అగరొత్తి వెలిగించమన్న ఆవిడకు కూడా ధన్యవాదాలే. అది చూసి వాళ్ళు ఇంకా నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి, ఎందుకెళ్ళానో తెలియక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తుంటే అన్నాడు. "నాకు చదువు రాదనుకుంటివామే? నాలుగో తరగతి దాకా పోయినా బడికి. నిదానంగా చదివితే వస్తాది." గ్లాసు కింద పెట్టాను. కోపంగా కూడా అనలేదు ఆ మనిషి. వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. "వాళ్ళు నవ్వినారు, సరే. నేనెవురో వాళ్ళకేం తెలుసు? నీకు తెలుసు గదా. నవ్వినోళ్ళలో నీ పేరు గూడా ఉండాదే."

చెంప మీద కొట్టినా బాగుండేది. మరి ఆ ధన్యవాదాలన్నీ ఎందుకు పెట్టావు మామా అని గొణిగాను. "వాళ్ళు పనిచూసి నాలుగు మాటలు రాసినారు, నేనో మాట రాసినా. నవ్వేదానికి వాళ్ళ నోరు, మర్యాదకు నా నోరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది, నా మీద నాకే. ఈయన భుజాల మీద కూర్చుని నేను బడికెళ్ళాను. వర్షానికి వాగు పొంగితే పుస్తకాలు తడవకుండా తలమీద పెట్టుకుని దాటించింది ఈయనే. ఈయన పట్టిన చేపలమ్మితేనే నా ఫీజులు. ఆ వాసన లేకపోతే టీచరెక్కడిది, టీచరక్క ఎక్కడిది!

అప్పుడే, నిలబడే, రాశాను. 'ఈ సంచి అల్లింది మా అమ్మ తమ్ముడు. మా ఊరు నెల్లూరు కాదు, ముత్తుకూరు అవతల చేపలు పట్టేవాళ్ళ పాళెం. మీకొచ్చిన నీసు వాసన మా ఇంటిది, నాది కూడా. అది తినే చదువుకుని మీ పిల్లల్లాంటి పిల్లలకు లెక్కలు నేర్పాను. నిన్న నేను కూడా నవ్వాను, దానికి సిగ్గుపడుతున్నాను. ఆయన వేసిన ముడి తప్పయితే ఎందుకు తప్పో చెప్పండి, వింటాడు. నవ్వాలనుకుంటే నన్ను చూసి నవ్వండి.' పెట్టాక తీయలేదు. కాసేపటికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు, అంతకుముందు ఒక్క మాటైనా రాయని వాళ్ళు, మాది కూడా ఫలానా ఊరక్కా అంటూ రాశారు. ఒకమ్మాయి తనది పులికాట్ సరస్సు ఒడ్డని రాసింది, తన అల్లిక ఫోటో మూడు సార్లు పెట్టి మూడు సార్లూ తీసేసిందట. ఆ మూడు సార్లలో ఒకసారి గుమ్మడికాయ మాట నాదే.

పదకొండింటికి గ్రూపు నడిపే ఆవిడ ఫోను చేసింది. గొంతులో తేనె. "టీచరక్కా, మీరు పెద్దవారు. గ్రూపులో వాతావరణం పాడవుతోంది. మీరు ఆ పోస్టు తీసేయండి, ఆయనది కూడా మేం తీసేస్తాం, ఎవరికీ గొడవుండదు." "తీయను. ఆయనదీ తీయనివ్వను. అగరొత్తి రాసినావిడ చేత క్షమాపణ చెప్పించండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాను. "అంత మాటెందుకక్కా, సరదాకన్నారు" అంది. "సరదా మీకు. పడ్డది మా మామ" అని పెట్టేశాను. అన్నాలు తిని చూసుకునేసరికి ఆ గ్రూపు నా ఫోనులో లేదు. నా గుడ్డలు, నా టోపీలు, ఐదేళ్ళ అల్లికల ఫోటోలన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

తమాషా ఏమిటంటే మామను మాత్రం తీయలేదు. మరిచిపోయారో, భయపడ్డారో నాకు తెలియదు. "నువ్వూ బయటికి రా మామా, వాళ్ళ మొహం చూసేదేంది" అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "నేనెందుకొస్తా? ఏనుగుల బొమ్మ ఏసి మరీ రమ్మన్నారు, వచ్చినా. నన్ను పొమ్మనేటోళ్ళుంటే నా పేరు పెట్టి పొమ్మనాల." ఇదంతా నాలుగేళ్ళ కిందటి మాట. ఇప్పటికీ ఎవరూ పొమ్మనలేదు. పాళెంలో తన అరుగు మీద కూర్చుని ఇంకా ముళ్ళేస్తూనే ఉన్నాడు, ఇంకా ఫోటోలు పెడుతూనే ఉన్నాడు. అంతకంటే ఎక్కువగా, కొత్తవాళ్ళు ఎవరు ఏ వంకర పని పెట్టినా అందరికంటే ముందు ఈయన మాటే ఉంటుందట: 'బాగుండాది తల్లీ. విప్పబాక. ఇంకో వరస ఎయ్యి.' ఈయనే గ్రూపు పెద్ద అనుకుని చాలామంది ఈయన్నే సందేహాలడుగుతారని, తెలియనివన్నీ నాకు ఫోను చేసి కనుక్కుని చెబుతాడని మా ఆయన నవ్వుతుంటారు.

నన్ను మళ్ళీ చేరమని ఒకరిద్దరు అడిగారు. పేరు మార్చుకుని చేరితే ఎవరికీ తెలియదన్నారు. ఛీ, ఆ పని ఇంకెప్పుడూ చేయను. ఐదేళ్ళున్నాను అక్కడ. నేను ఫలానా వాళ్ళ పిల్లనని చెప్పుకుని ఉన్నది మాత్రం ఆ పొద్దుటి నుంచి అన్నాల వేళ దాకా, ఒక్క పూట. ఆ ఐదేళ్ళూ వాళ్ళనే ఉంచుకోమనండి. ఆ పూట నాది.