ముప్పై రెండో పాటలో ‘కృషి’

మా మేనత్త ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోదు. పక్కింటావిడ ఒక నిమ్మకాయ ఇస్తే సాయంత్రానికల్లా రెండు తిరిగి వెళ్లాల్సిందే. ముప్పై ఏళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి. చర్చి కొత్త పాటల పుస్తకం తనే టైపు చేసి, తనే ప్రూఫు చూసింది. ఇంకొకరు చూస్తామంటే చూడనివ్వలేదు. కొంప మునిగింది అక్కడే.

ఆదివారం ముప్పై రెండో పాట అందుకున్నాం. ‘కృపచేతనే గట్టెక్కితిని’ అని అలవాటుగా సగం మంది, పుస్తకం చూసి ‘కృషిచేతనే గట్టెక్కితిని’ అని సగం మంది. పాస్టరుగారు హార్మోనియం ఆపించారు.

“అచ్చుతప్పు. కృపంటే ఊరికే దొరికేది. కష్టపడి సంపాదిస్తే అది జీతం” అన్నారు.

వెనక వరసలో పాడే దర్జీ బాబాయి లేచాడు. “ఊరికే దొరికేదైతే వారం వారం మాకీ ప్రాక్టీసు దేనికండీ? అక్కయ్య తెలిసే అలా టైపు కొట్టింది!”

ఇంకేముంది, చర్చి రెండుగా చీలింది. వాదన మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. అత్త ఏ పక్షమూ చేరలేదు.

“తప్పు నాది. మూడొందల పుస్తకాలూ నేనే దిద్దుతా. అందాకా పాడను” అంది. ఏ పాటైనా ముందు ఎత్తుకునే గొంతు అది. పాడకపోతే ఈ మనిషి ఏమైపోతుందోనని నాకు నిజంగా భయం వేసింది. సాయం వస్తానంటే కసిరింది.

పని అయ్యాక రోజూ చర్చి సామాను గదిలో కూర్చుని, అచ్చువేసిన చిన్న ‘ప’లు కత్తిరించి ‘షి’ మీద అంటించేది. మూడు రోజులకు అరవై అయ్యాయి. నాలుగో రోజు వెళ్లేసరికి మిగిలిన అన్నిటికీ ‘ప’ అంటించి ఉంది. కొన్ని వంకర, కొన్ని తలకిందులు. అంచులన్నీ పళ్లు పళ్లుగా ఉన్నాయి. అలా కత్తిరించే కత్తెర బాబాయి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

అత్త రుసరుసలాడుతూ బాబాయి కొట్టుకు వెళ్లింది. వెనకే నేను.

“కృషే గొప్పదని వాదించావు కదా, ఇదేం పని?” అంది అత్త.

“ఇప్పుడూ అదే అంటా. రెండొందల నలభై ముక్కలు కత్తిరించా, కృషి కాదంటే ఊరుకోను” అన్నాడు మిషను ఆపకుండా.

“దీనికి బదులు నేనేం చెయ్యాలి?”

మిషను ఆగింది. “ఏం చెయ్యొద్దక్కయ్యా. ఊరికే పుచ్చుకో.”



ఆదివారం ముప్పై రెండో పాట ఆమే ఎత్తుకుంది. ‘కృప’ దగ్గరకొచ్చేసరికి అంటించిన ‘ప’ను వేలితో తడుముతూ ఆగిపోయింది. ఆ మాట మేమంతా కలిసి ఆమె బదులు పాడాం. బాబాయి మాత్రం వెనక వరసలోంచి ‘కృషి’ అనే పాడాడు.