మెడలో కార్డున్న కోడలు

పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడం నా పని. పెళ్లై రాజోలు వచ్చాక కూడా మేడ మీద గదిలో అదే చేసుకునేదాన్ని. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు, ఏ పుస్తకం వస్తే దానికి వేసిస్తాను. దీన్ని ఫ్రీలాన్సింగ్ అంటారని మా అత్తగారికి చెబితే శ్రద్ధగా విని, "ఆయ్, అంటే ఖాళీయేనన్నమాట" అన్నారు.

ఆ మాట వీధంతా పాకింది. కొబ్బరికాయలు దింపేవాళ్లు వస్తే చెట్టు కింద కాపలా నేను. గ్యాస్ బండ వస్తే నేను. ఇక మలికిపురం నుంచి మా పెద్దత్తగారు, అంటే అత్తగారి అక్కగారు, ఆటోలో పనసకాయ వేసుకుని దిగేవారు. "గీతలే కదమ్మా, తర్వాత గీసుకుందువు గాని. కాస్త కూరకి పొట్టు కొట్టి పెడుదూ" అనేవారు. అంత మర్యాదగా అడిగితే కాదనడానికి నోరెలా వస్తుంది? చేతులకి నూనె రాసుకుని కత్తి పట్టేదాన్ని. పైన నేను సగం గీసిన కుందేలు ఒంటి చెవితో ఎదురుచూస్తూ ఉండేది.

విసుగెత్తిపోయి, హైదరాబాదులో ప్యాకెట్లు డిజైన్ చేసే ఒక కంపెనీలో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఇంటి నుంచే పని. చేరిన కొత్తల్లోనే కొరియర్లో ఐడీ కార్డు వచ్చింది, నీలం తాడుతో సహా. సరదాకి మెడలో వేసుకుని కిందికి దిగాను. అత్తగారు టీవీ సౌండు తగ్గించారు.

ఆ తర్వాత నా భోగం చూడాలి! కార్డు మెడలో ఉంటే నన్నెవరూ పిలవరు. పెద్దత్తగారు వచ్చి మెట్ల వైపు చూస్తే, మా అత్తగారు పెదాల మీద వేలు పెట్టుకుని "డ్యూటీలో ఉందక్కా" అనేవారు. గది అదే, కుర్చీ అదే, గీతలూ అవే. తాడొక్కటే కొత్త.

చిక్కల్లా ఒక్కటే. ఉద్యోగంలో ఉండగా బయటి పని చేయకూడదని షరతు. బిస్కెట్ ప్యాకెట్ల మీద నవ్వే ఆవుల్ని వేసీ వేసీ నాకు నవ్వు రావడం మానేసింది. ఆవు నవ్వు చాలలేదని బొమ్మ తిప్పి పంపేవారు. ఆవు ఇంకెంత నవ్వుతుందండీ? సరిగ్గా అప్పుడే, పాత ప్రచురణకర్త ఫోన్ చేశారు. గోదావరి మీద పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతలి ఒడ్డుకి బయల్దేరిన ఓ మేకపిల్ల కథ, బొమ్మలన్నీ నావే. సఖినేటిపల్లి రేవులో పంటెక్కిన ప్రతిసారీ నేను మనసులో గీసుకుంటూ వచ్చిన బొమ్మలవి. వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. ఉద్యోగం వదిలితే మళ్లీ పనసపొట్టు. కొన్నాళ్లు అన్నం సహించలేదు.

చివరికి మేకపిల్లే గెలిచింది. రాజీనామా చేశాను. కంపెనీవాళ్లు కార్డు వెనక్కి అడిగితే కొరియర్ చేసేశాను. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, అంత ఎండల్లోనూ మెడ చుట్టూ చున్నీ కప్పుకుని తిరిగాను. అత్తగారి కళ్లు చున్నీకి లొంగే రకం కాదు.

"కార్డేదమ్మా?" అన్నారు.

"ఉద్యోగం మానేసేనండి, అత్తయ్యగారూ. నా బొమ్మలు నేనేసుకుందావని." మాట పూర్తవకుండానే ఏడుపొచ్చేసింది.

ఆవిడ నా మెడ మీది చున్నీ తీసి పక్కన పెట్టారు. "మానేస్తే మానేసేవు గానీ, కార్డెందుకిచ్చేసేవమ్మా? పోనీలే. ఇన్ని బొమ్మలేస్తావు, అలాంటిదింకోటి గీసుకోలేవా?"

కళ్లు తుడుచుకుంటూనే నవ్వాను. ఆ సాయంత్రమే నా ఫొటో అంటించి, పక్కన మేకపిల్లని గీసి, కార్డు చేసుకున్నాను. ఆవిడ పాత చీర అంచు కత్తిరించి తాడు కుట్టిచ్చారు.

మర్నాడే పెద్దత్తగారు పనసకాయతో దిగారు. కార్డు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇదేం కంపెనీ అమ్మా, మేక బొమ్మ ఉంది?" అన్నారు. అత్తగారు ఏదో ఒక పేరు కల్పించి చెబుతారనుకున్నాను.

"సొంతదేనక్కా," అన్నారావిడ, నూనె గిన్నె ముందుకి లాక్కుంటూ. "దానికి పైన ఆఫీసర్ని నేను. పొట్టు నేను కొడతాను గానీ, దాన్ని పైకెళ్లనీ."

నేను మెట్లెక్కాను. కింద కత్తి చప్పుడు మొదలైంది.