పద్దెనిమిది జెండాల వెంచర్

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, కర్మన్‌ఘాట్‌లో మా కింది వాటాకీ పై వాటాకీ మాటలు బందయ్యాయి. కింద ఇంటి ఓనర్లు, నల్గొండవాళ్లు. పైన మేము, గుంటూరు వైపు నుంచి వచ్చి కిరాయికి ఉన్నవాళ్లం. ఓనరూ మావారూ ఒకే టీవీలో వార్తలు చూస్తూ ఒకరోజు గొంతులు పెంచుకున్నారు. మర్నాడే మావారు తుర్కయంజాల్‌లో మా ప్లాటు అమ్మేసి ఊరెళ్లిపోదామన్నారు, బ్రోకరుకు కూడా చెప్పేశారు. ఓనరువాళ్ల ప్లాటు పక్కనే ముచ్చటపడి కొనుక్కున్న ప్లాటు అది. నా పిల్లలు పుట్టి పెరిగిన ఊరు వదిలి వెళ్లాలంటే నాకు ఏడుపు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే ఊటీ దగ్గర గోల్ఫ్ రిసార్టులో మూడు రోజుల విడిది తగిలింది. గొడవకు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొన్నప్పుడు ఓనరు భార్య వదినా నేనూ లక్కీ డ్రా చీటీ మీద ఇద్దరి పేర్లూ కలిపి రాశాం. రెండు జంటలూ వస్తేనే గదులిస్తారట. ఊరికే వచ్చింది వదులుకోవడానికి ఏ మగాడికీ మనసొప్పలేదు. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు.

"చెల్లె, జర కిటికీ ముయ్యమని చెప్పు మీ ఆయనకు," అనేవాడు ఓనరు.

"ఆయన్నే మూసుకోమను," అనేవారు మావారు, కిటికీ మూస్తూనే.

పొద్దున లేచి చూస్తే కొండల మధ్య పచ్చటి మైదానం. దూరదూరంగా పద్దెనిమిది జెండాలు, ఒక్కోదానికీ ఒక నంబరు. ఆదివారాలన్నీ సాగర్ రోడ్డు మీద ప్లాట్లు చూస్తూ గడిపిన మా మగవాళ్లకు ఇంకేం తోస్తుంది? వెంచరనుకున్నారు. గోల్ఫ్ అన్నది ఆ వెంచరు పేరనుకున్నారు. ఇద్దరూ విడివిడిగా దిగి అడుగులు వేసి కొలవడం మొదలెట్టారు. మేమిద్దరం టీ గ్లాసులతో వెనకాలే వెళ్లాం.

మావారు ఉండబట్టలేకపోయారు. "ఏడో నంబరు బిట్టు తూర్పు ముఖం, బావుంది కదన్నా?"

"ఏం బాగున్నది? నడుమ గంత ఇసుక గుంత ఉంటే కనవడలేదా? పునాది నిలవదు."

ఇంతలో మేనేజరు పరుగున వచ్చి ఇద్దర్నీ పక్కకు లాగాడు. బంతిని కర్రతో కొట్టి జెండా కింది బొక్కలో వెయ్యడమే ఇక్కడి ఆటని వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"గంత చిన్న బొక్క కోసం ఇన్ని ఎకరాలా!" అన్నాడు ఓనరు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఓనరు ముందుగా నవ్వాపాడు. "నీ జాగ అమ్ముతున్నవంట గదా. బ్రోకరు తెచ్చి నాకే చూపిచ్చిండు, కొంటవా అని. నీ జాగల నేనెట్ల నిలవడతనే? రాష్ట్రం లడాయి రాష్ట్రానిదే. అది నేనిడువ. గని నా గోడ పక్కన నువ్వు గాక ఇంకెవడుంటడు?"

నేను వదిన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. మావారు బ్రోకరుకు వద్దని చెప్పడానికి ఫోను తీశారు. సిగ్నల్ లేదు.

"ఆ గుట్ట మీద దొరుకుతదేమో," అన్నాడు ఓనరు. పలహారం కూడా మరిచిపోయి ఇద్దరూ కలిసి కొండెక్కారు.