సరోజ వేసుకున్న చొక్కా

మా చెల్లి సరోజకు ఐదు నెలలుగా నెలసరి రావడం లేదు. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదు. ఖమ్మంలో చూపిస్తే థైరాయిడ్ తేడాగా ఉందన్నారు. "మిరప తోటలో పురుగుమందు కొడతావా?" అని డాక్టరమ్మ అడిగితే సరోజ "లే" అంది. ఆ మందుల వల్ల కూడా ఇలా కావచ్చట, డాక్టరమ్మకు నమ్మకం కుదరలేదు. సరోజ వాళ్ల ఇంటికి వెళ్లి సరిగ్గా కనుక్కుని రమ్మని నాకు చెప్పింది. నేను ఖమ్మంలో బట్టలు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుస్తుంది? అయినా ఆదివారం బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో ఇల్లందు మీదుగా కొత్తగూడెం వెళ్లే బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. సీటు మాత్రం మోచేతులతో సంపాదించుకోవాలి. పక్కన కూర్చున్న పెద్దావిడ నా సంగతంతా రాబట్టింది.

"మా కోడలికి గూడ గట్లనే అయింది బిడ్డా. ఒకరు మందులంటరు, ఒకరు నీళ్లంటరు. ఏందనేది ఎవ్వరు చెప్పరు."

అప్పటిదాకా కాస్త ధైర్యంగానే ఉన్నాను. బస్సు ఇల్లందులో ఆగితే ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లే, ఆకలికి లోపలికి పోయింది.

టేకులపల్లిలో దిగి షేర్ ఆటో ఎక్కాను. దారికి ఒక పక్క అడవి, ఒక పక్క మిరప తోటలు. తొమ్మిది దాటాక వాళ్ల ఊరు చేరేసరికి సరోజ తోటలో కలుపు తీస్తోంది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. కూలికి వెళ్లే ఆడవాళ్లంతా ఎండకీ దురదకీ అలాగే వేసుకుంటారు. కానీ ఆ కాలరు నా కుట్టు. సరోజ మొగుడు వీరన్నకు నేనే కుట్టిచ్చిన చొక్కా అది.

"మందు కొట్టేది ఎవరే?"

"ఆయనే అక్కా. నిన్న పొద్దూకేదాక కొట్టిండు. నేను డబ్బా గూడ ముట్ట."

"ఏం చొక్కా ఏసుకొని కొట్టిండు?"

సరోజ తన చేతుల వంక చూసుకుంది. "ఇదే. పొలం పనికి ఒక్కటి ఖరాబైతే సాలని, ఇద్దరం ఇదే ఏసుకుంటం."

నాకు ఒళ్లు మండింది. గట్టు మీదున్న వీరన్న దగ్గరికొచ్చాడు.

"రాత్రే సబ్బు పెట్టి పిండినం వదినె. వాసన గూడ లేదు. అయినా మందు పంపు నా ఈపు మీదనే ఉంటది. నాకేం గాలే, దానికెందుకైతది?"

అతను అన్నది నిజమే అనిపించింది. అంతలోనే ఇంకోటి తట్టింది.

"నీకేం గాలేదని ఎవరు చూసిండ్రు వీరన్నా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. సరోజ తల వంచుకుని మళ్లీ కలుపు తీయసాగింది.

భోజనం చేసి రెండింటికి తిరుగు బస్సు ఎక్కాను. డాక్టరమ్మకు చూపిద్దామని ఆ చొక్కా అడిగి సంచిలో పెట్టి తెచ్చుకున్నాను. పక్కన ఒక తల్లి కూర్చుని, చంటిదాని కాళ్లు నా సంచి మీద ఆనించింది. నేను సంచి లాక్కుని కింద పెట్టాను. ఆమె చిన్నబుచ్చుకుంది. ఏమని చెప్పను? చొక్కా వాసన చూస్తే సబ్బు వాసనే వచ్చింది. తప్పు చొక్కాదో, మందుదో, మా ఇంటి రక్తానిదో, ఇంకా దేనిదో నాకు అంతుపట్టలేదు.

ఇల్లందు దాటాక ఫోన్ మోగింది. వీరన్న.

"వదినె, దవాఖానల నా పేరు గూడ రాయించు. అదొక్కతే ఎందుకు రావాలె?"