ఇంటిపేరు లేని ఫోటో

రాజమండ్రి ఇన్నీసుపేటలో మా ఇంటికి నాలుగు వాటాలు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను చేస్తున్న పనల్లా ఆ వాటాల్లో ఉండేవాళ్ళ మీద కేకలెయ్యడం. కుళాయి దగ్గర ఒకరి బకెట్టు ఇంకొకరు జరిపినా, మెట్లకి అడ్డంగా చెప్పులు విప్పినా నేను ఊరుకోను. నాకు నోరెక్కువని మా ఆవిడ అంటుంది. ఆ నోటివల్లే ఇల్లు ఇల్లులా ఉందని నేనంటాను.

ఈ సంగతులు జరిగేనాటికి ఉదయభాస్కర్ మా పై వాటాలో దిగి రెండేళ్ళు. కోనసీమ కుర్రాడు. ఎం.సి.ఏ. చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చేశాడు. ఎందుకు వచ్చేశావయ్యా అని అడిగితే, "అక్కడి నీళ్ళు పడలేదండి" అన్నాడు.

"హైదరాబాదులో నీళ్ళెక్కడున్నాయయ్యా, పడకపోవడానికి?" అన్నాను.

ఆరడుగుల మనిషి. సన్నగా ఉంటాడు. ఎక్కడ నిలబడినా మెడ దగ్గరో నడుం దగ్గరో కాస్త వంగే ఉంటాడు, గుమ్మం లేని చోట కూడా. మా గేటుకి 'ఉదయభాస్కర్ వెబ్ సొల్యూషన్స్' అని బోర్డు తగిలించాడు. బోర్డు మీద ఇంటిపేరు లేదు. చేరిన రోజే అడిగాను.

"అది అవసరమాండి?"

"ఇల్లిచ్చేవాడికి అవసరమే."

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "తోటకూరండి" అన్నాడు.

తర్వాత తర్వాత తెలిసింది ఆ గొంతు ఎందుకు తగ్గిందో. బళ్ళో మేస్టారు హాజరు పిలిచి 'తోటకూర ఉదయభాస్కర్' అనగానే వెనక బెంచీ నుంచి "కట్ట ఎంతండీ?" అనేవారట. పొడుగైన కొద్దీ 'తోటకూర కాడ' అన్నారట. కాలేజీలోనూ అదే, హైదరాబాదు ఆఫీసులోనూ అదే. నాకు తెలిసి అతనికి పడనివి అక్కడి నీళ్ళు కావు. చివరికి ఇంటిపేరుని 'టి.' అనే ఒక్క అక్షరం కింద కుదించేశాడు. టి. అంటే ఏంటని ఎవరైనా అడిగితే "తాతగారి పేరండి" అని చెప్పేవాడు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. సంబంధం మాట వస్తే మొదట అడిగేది ఇంటిపేరే కదా, అక్కడే నీళ్ళు నమిలేవాడు.

మా వెనక వీధిలో సంపూర్ణమ్మగారని ఉంది. రెండు గోదావరి జిల్లాల్లో ఆవిడ కుదిర్చిన పెళ్ళిళ్ళు కోకొల్లలు. ఆవిడ చేతిసంచీ నిండా ఫోటోలు. ఫోటో వెనక పెన్నుతో ముద్దుపేరు, ఊరు. బుజ్జి, పిఠాపురం. పండు, తణుకు. చిన్ని, భీమవరం. ఇంటిపేర్లూ గోత్రాలూ ఆవిడ నోట్లో ఉంటాయి, రాసుకోవలసిన పని లేదు. 2006లో ఆవిడకీ ఇంటర్నెట్టు సోకింది.

"భాస్కరం, నాకో వెబ్‌సైటు చేసి పెట్టు నాయనా. నీ పెళ్ళి నా పూచీ" అంది.

భాస్కర్ పొంగిపోయాడు. 'సంపూర్ణ సంబంధాలు' అని పేరు పెట్టి, జావా అనే కంప్యూటరు భాషలో కట్టడం మొదలుపెట్టాడు. మాడ్యులర్‌గా కడుతున్నానండీ అని రోజూ మెట్ల మీద నన్ను ఆపి చెప్పేవాడు. మాడ్యులర్ అంటే ఏంటని విసుక్కున్నాను. మా ఇంటినే చూపించి చెప్పాడు.

"మీ ఇంట్లో నాలుగు వాటాలు లేవాండి? ఎవరి వంటిల్లు వాళ్ళది. గేటు మాత్రం ఒకటే. అలాగే అబ్బాయిలు ఒక వాటా, అమ్మాయిలు ఒక వాటా. ఒకదాన్ని బాగుచేస్తుంటే రెండోదానికి ఇబ్బంది ఉండదండి."

"మరి ఫోటోలు?"

"అవి స్టాటిక్ ఫైళ్ళండి. అడిగినవాళ్ళని బట్టి మారే పేజీలు జావా అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది. ఫోటోలు వండక్కర్లేదు, ఊరగాయ లాంటివి. జాడీలోంచి తీసి వెయ్యడమే. ఏ వాటా జాడీ ఆ వాటాలోనే ఉంటుందండి."

ఊరగాయ మాట వచ్చాక నాకు అర్థం కానిదేముంది. మంచిదే అన్నాను.

సంపూర్ణమ్మగారు గడుసు మనిషి. ఒకే కాఫీతో రెండు పనులు కానిచ్చేద్దామని, సైటు ప్రారంభమూ భాస్కర్ పెళ్ళిచూపులూ ఒకే రోజు పెట్టింది. అమ్మాయి పేరు దుర్గాశ్రీ. పిఠాపురంలో హైస్కూలు టీచరు. వాళ్ళ నాన్న తాతాజీగారు మహా మర్యాదస్తుడు, అంతకంటే అనుమానస్తుడు. భాస్కర్‌కి పెద్దదిక్కుగా నన్ను కూర్చోబెట్టారు, వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ పొద్దున భాస్కర్ రెండు చొక్కాలు మార్చాడు. "ఇది తప్పితే ఇంకోటి రాదండి" అన్నాడు నాతో, నవ్వుతూనే. నాకు మాత్రం జాలేసింది.

సంపూర్ణమ్మగారి హాల్లో కంప్యూటరు పెట్టారు, దానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. కాజాలు పంచారు. దుర్గాశ్రీ కూర్చుంది. చామనఛాయ, చురుకైన కళ్ళు. భాస్కర్ ఆ పిల్లని ఒక్కసారి చూసి, ఇక మానిటరు వంక తప్ప ఎటూ చూడలేదు. ఇంటిపేరు తనే చెబుతానని సంపూర్ణమ్మగారి నోరు ముందే కట్టేశాడు. తాతాజీగారు మీ ఇంటిపేరేంటి బాబూ అని అడగబోతుంటే, భాస్కర్ గబగబా, "ముందు మీ అమ్మాయిగారి పేజీ చూద్దామండి" అన్నాడు.

పేజీ వచ్చింది. అమ్మాయి పేరు దుర్గాశ్రీ. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఎమ్మెస్సీ, బి.ఇడి. అభిరుచులు ముగ్గులు, ఎంబ్రాయిడరీ. పైన ఫోటో ఉంది. ఫోటోలో మీసాలతో ఉదయభాస్కర్ నవ్వుతున్నాడు.

తాతాజీగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏంటండి ఇది? పెళ్ళి మాట కాకుండానే మా అమ్మాయి పేరు మీద మీ ఫోటో పెట్టేసుకున్నారా?"

"కాదండి, అది స్టాటిక్ ఫైలండి..."

"ఏ ఫైలైతే ఏంటండి! ఊరూ వాడా చూసే దాంట్లో మా పిల్లకి మీసాలు పెడతారా?"

దుర్గాశ్రీ తల దించుకుంది. సిగ్గుతో అనుకున్నారు అందరూ. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కోవడం పక్కన కూర్చున్న నాకు కనిపించింది. తాతాజీగారు కాజా ముట్టుకోకుండానే లేచారు. "వెళ్ళొస్తామండి" అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయారు. సంపూర్ణమ్మగారు భాస్కర్ వైపు చూసిన చూపుకి నాకే చెమట పట్టింది.

ఇంటికొచ్చి భాస్కర్ తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపు బతిమాలితే అసలు సంగతి చెప్పాడు. దుర్గాశ్రీని ఇంట్లో బుజ్జి అంటారు. భాస్కర్‌ని కూడా వాళ్ళమ్మ బుజ్జి అనే పిలుస్తుంది. మా గోదావరి జిల్లాల్లో బుజ్జి లేని గడప చూపిస్తే నేను పేరు మార్చుకుంటాను. ఆడామగా తేడా లేదు, అరవై ఏళ్ళొచ్చినా పోదు. ఫోటోల వెనక ఉన్నదాంట్లో ఊరు వదిలేసి, ముద్దుపేరొక్కటే ఫైలు పేరుగా పెట్టేశాడు ఈ మహానుభావుడు. ఒకే వాటాలో ఇద్దరు బుజ్జిలుంటే రెండోవాడికి నంబరు వేశాడు. అబ్బాయిల్లో మొదటి బుజ్జి తనే. అమ్మాయిల్లో మొదటి బుజ్జి దుర్గాశ్రీ. ఏ వాటాని ఆ వాటాగా నడిపి చూసినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. కలిపాక గేటు దగ్గర కాపలాకి ఒక్కడే మనిషి ఉన్నట్టట. వాడు 'బుజ్జి ఫోటో కావాలి' అనగానే వాటాలన్నీ వరసగా తట్టి, ముందు దొరికిన బుజ్జిని తెచ్చి ఇచ్చేస్తాడు. ఇంగ్లీషు అక్షరాల వరసలో అబ్బాయిలే అమ్మాయిల కంటే ముందు. కంప్యూటరు కూడా మగపెళ్ళివారికే మొదటి పంక్తి వేసిందన్నమాట.

"అయితే అమ్మాయిల వాటాని ముందు పెట్టు" అన్నాను.

నా మాట విన్నాడు, పాపం. మర్నాడు పొద్దున్నే సామర్లకోట నుంచి సంపూర్ణమ్మగారికి ఫోను. మా పండుగాడికి జడ ఉందేంటండీ, పట్టుచీర ఎవరు కట్టారండీ అని. ఆవిడ సరాసరి మా ఇంటికొచ్చి, కింద నుంచే పై వాటాని దులిపేసింది. నా కంటే పెద్ద నోరు ఆ రోజు మొదటిసారి విన్నాను.

పిఠాపురంలో ఇంకో తగువు. తాతాజీగారు ముందురోజు ఊరు చేరగానే నెట్ సెంటరుకి వెళ్ళి మరోసారి చూశారట. మీసాలు. మర్నాడు మళ్ళీ అదే కంప్యూటరు మీద చూశారట. అప్పటికి ఇక్కడ అమ్మాయిల ఫోటోలు సరిగ్గానే వస్తున్నాయి, అక్కడ మాత్రం మీసాలే. ఒకసారి చూసిన ఫోటోని ఆ కంప్యూటరు దాచుకుంటుందట, మళ్ళీ అదే పేరు అడిగితే పాతదే తీసి చూపిస్తుందట. ఇది ఆయనకి ఎవరు చెప్పాలి? చెప్పినా నమ్ముతారా? భాస్కరే కావాలని ఆ ఫోటో తియ్యడం లేదని కబురు పంపారు.

"దీనికి మందు లేదా?" అని కేకేశాను.

"ఉందండి. ప్రతి ఫోటోకీ ముందు వాటా పేరు, ఆ తర్వాత ఇంటిపేరు, చివర ముద్దుపేరు పెట్టాలండి. అప్పుడు ఏ బుజ్జి ఆ బుజ్జే. పేరు కొత్తది కాబట్టి పిఠాపురం కంప్యూటరు దగ్గర పాతది ఉన్నా పనికిరాదండి."

"ఇంత తెలిసినవాడివి మొదటే ఎందుకు పెట్టలేదు?"

నేల చూపులు చూశాడు. "ఇంటిపేరు వాడే అలవాటు పోయిందండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను, సరిగ్గా అప్పుడే మా హాల్లో ఫోను మోగింది. పై వాటాలో సెల్లుకి సిగ్నలు రాదని భాస్కర్ అందరికీ మా నంబరే ఇచ్చుకున్నాడు. మా ఫోనుకి ఒక రోగం ఉంది, అవతలి మాట హాలంతా వినిపిస్తుంది.

"నేను దుర్గాశ్రీనండి. స్టాఫ్ రూమ్ నుంచి మాట్లాడుతున్నాను."

భాస్కర్ రిసీవరుని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను మర్యాదకి పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"ఫోటో పొరపాటని నాకు తెలుసండి. అడగాల్సింది వేరే ఉంది. మీ పేజీ చూశాను. చదువుంది, ఎత్తుంది. ఇంటిపేరు దగ్గర ఖాళీగా ఉందేంటండి?"

"అది... అది అవసరమాండి?"

"అదేంటండి బాబూ! ఈ పెళ్ళి జరిగితే మీరు నాకు మొట్టమొదట ఇచ్చేది అదే కదండి. చెప్పుకోడానికి మీకే సిగ్గుగా ఉన్న పేరు నాకెలా ఇస్తారు?"

నేను పేపరు దించేశాను. బళ్ళో చేరినప్పట్నుంచీ ఆ పేరు వాణ్ణి ఏడిపించింది నిజమే. కానీ పెళ్ళాడే పిల్ల వైపు నుంచి దాన్ని చూసినవాళ్ళు లేరు, వాడూ చూడలేదు, నేనూ చూడలేదు. భాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

"తోటకూరండి."

"వినపడలేదండి. ఇక్కడ పిల్లలు గోల చేస్తున్నారు."

"తోటకూర!" అని అరిచాడు. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ఇవాళ గోంగూర తెచ్చానయ్యా!" అని వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

అవతల ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. భాస్కర్ మొహం పాలిపోయింది. నవ్వు ఆగాక దుర్గాశ్రీ, "మీ గురించి కాదండి, గోంగూర గురించి నవ్వాను" అంది. "నాది అడబాల. మా స్కూల్లో పిల్లలు దాన్ని విరిచి నన్ను డబ్బా టీచర్ అంటారు, నేను వినలేదనుకుంటారు. మీ పేరు సైట్లో పెట్టండి. నాన్నగార్ని నేను తీసుకెళ్ళి చూపిస్తాను." ఫోను పెట్టేసింది.

భాస్కర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. సాయంత్రానికి సైట్లో ఉన్న ప్రతి బుజ్జికీ పండుకీ చిన్నికీ ఇంటిపేరు వచ్చింది. ఇంటిపేర్లన్నీ సంపూర్ణమ్మగారు పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, గోత్రాలతో సహా చెప్పింది. గోత్రాలు వద్దండీ అంటే వినలేదు. అమ్మాయిలు, అడబాల, బుజ్జి. అబ్బాయిలు, తోటకూర, బుజ్జి. ఆ రెండోది భాస్కర్ తనే కొట్టాడు, మూడుసార్లు తప్పు కొట్టి.

పిఠాపురం నెట్ సెంటరులో తాతాజీగారికి మీసాలు పోయి కూతురు కనిపించింది. ఆ పక్క పేజీలో తోటకూర ఉదయభాస్కర్ కనిపించాడు. ఆయన ఆ రాత్రే నాకు ఫోను చేసి, "తోటకూర వారంటే మా మేనత్త అత్తగారి వైపు వాళ్ళు కాదు కదండి?" అని మొదలుపెట్టి గంటసేపు వదల్లేదు. వరసలన్నీ తేలాక మాఘమాసంలో పెళ్ళి చేశారు.

కొత్త కాపురానికి దుర్గాశ్రీ స్టీలు సామాన్లతో మా పై వాటాలో దిగింది. నా షరతు ఒకటే. నాలుగు వాటాలకీ కుళాయి ఒకటే కాబట్టి, ఎవరి సామాను మీద వాళ్ళ పేరు ఉండి తీరాలి. పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించాను. అరుగు మీద బిందెలు, గిన్నెలు పరిచి, వాడు సుత్తీ ఉలీ తీశాడు.

"తో. దుర్గాశ్రీ అని కొట్టెయ్యనామ్మా? చిన్న గిన్నెలు, అక్షరాలు పట్టవు" అన్నాడు.

దుర్గాశ్రీ భాస్కర్ వైపు చూసింది. భాస్కర్ గుమ్మంలో ఉన్నాడు. అప్పుడే కూరలామె గేటు దగ్గర గంప దించి, "తోటకూరమ్మా, లేత తోటకూర!" అని కేకేసింది. పక్క వాటా పిల్లలు ఫక్కుమన్నారు. నేను వాళ్ళ మీద అరవబోయాను.

"పూర్తిగా కొట్టండి" అన్నాడు భాస్కర్. "పట్టకపోతే గిన్నె చుట్టూ తిప్పి కొట్టండి."

ఆ మధ్యాహ్నమంతా ఇల్లు మోగిపోయింది. మామూలుగా అయితే అంత చప్పుడికి నేను ఊరుకునేవాణ్ణి కాను. భాస్కర్ ఆఖరి గిన్నెదాకా అక్కడే నిలబడ్డాడు, నిటారుగా. అప్పుడు తెలిసింది, మా గుమ్మం అతనికి నిజంగానే పొట్టిది.