మూడు రోజులు మాగనిదే తెర ఎక్కనివ్వని మా సూరిబాబు మావయ్య

నిన్న పొద్దున అత్తయ్య ఫోన్ చేసి "మీ మావయ్య ఇక లేడురా" అంది.

నేను చేసిన మొదటి పని, అది నిజమో కాదో కనుక్కుందామని మావయ్యకే ఫోన్ చేయడం.

ఎత్తింది. మళ్లీ అత్తయ్యే.

బీటెక్ చదివినవాడి తెలివి ఇదీ.

తెలియని వాళ్ల కోసం: సూరిబాబు మావయ్య మా అమ్మ తమ్ముడు. మామిడి సీజన్‌లో నూజివీడు షెడ్డులో కాయలు గ్రేడింగ్ చేసేవాడు. మిగతా రోజుల్లో పెళ్లిళ్లలో స్టేజి వెనక ఎల్ఈడీ తెర ఆడించేవాడు. మేళానికి తగ్గట్టు బొమ్మలు అక్కడికక్కడే కదిలించడం. సిటీలో దీన్ని వీజే అంటారట. మావయ్య కార్డు మీద మాత్రం "తెర సూరిబాబు" అనే ఉండేది.

ఆ బొమ్మలకి మెరుపులూ మెలికలూ తగిలించే చిన్న చిన్న ప్లగిన్లు ఉంటాయి. వాటి ధరలు చూస్తే మనకే మెలికలు తిరుగుతాయి.

మావయ్య జీవితంలో ఒక్క ప్లగిన్ కొనలేదు.

ఒక్కటి దొంగిలించనూ లేదు. నేనొకసారి క్రాక్ వెర్షన్ తెస్తే పెన్ డ్రైవ్ మొహాన కొట్టాడు. "కార్బైడ్ కాయరా అది. పైకి పసుపు, లోపల రోగం. ఊరికే ఇచ్చేవాళ్లు లోకంలో బోల్డుమంది ఉన్నారు అల్లుడూ. ఓపిగ్గా వెతకాలంతే."

వెతికేవాడు. పదో తరగతి ఇంగ్లీషుతో ఫోరమ్‌లన్నీ జల్లెడ పట్టేవాడు. గంపలో అడుగు కాయ తీసి చూసినట్టు, పేజీ అడుగున కామెంట్లు ముందు చదివేవాడు.

దొరికింది వెంటనే వాడేవాడా? అబ్బే.

పాత లాప్‌టాప్‌లో రెండు ఫోల్డర్లు. "పచ్చివి", "మాగినవి". ఏ ప్లగిన్ అయినా మూడు రోజులు పచ్చివాట్లో ఉండాలి. రోజూ తెరిచి, ఆడించి, నొక్కి చూసేవాడు, గడ్డిలో వేసిన చిన్న రసాలని చూసినట్టు. మూడో రోజుకీ బుద్ధిగా ఉంటేనే మాగినవాట్లోకి, అక్కణ్నుంచి పెళ్లిళ్లకి పట్టుకెళ్లే షో లాప్‌టాప్‌లోకి.

నేను నవ్వేవాణ్ని. "మావయ్యా, సాఫ్ట్‌వేర్ మాగదు."

"నువ్వూ మాగలేదుగా. అయినా భరిస్తున్నాను."

ఇప్పుడు నా నేరాంగీకారం.

మావయ్య చిన్నప్పుడు గంపలు మోసిన తోట ఆసామి గారింట్లోనే పెళ్లి. హనుమాన్ జంక్షన్ దగ్గర కల్యాణ మండపం, పొద్దున ముహూర్తం. మావయ్యకి మొదటి పెద్ద పని. ఆసామి గారు ముందే చెప్పేశారు: "తెర తేడా వస్తే ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ నిన్ను పిలవరు సూరిబాబూ." మావయ్యకి వారం రోజులు అన్నం సయించలేదు.

పెళ్లిళ్లలో మావయ్య పక్కన లాప్‌టాప్ చూసుకునే నేనేమో, స్టైల్‌గా ఉందని, రెండు రోజుల క్రితం దింపిన ప్లగిన్‌ని ఆయనకి చెప్పకుండా షో లాప్‌టాప్‌లో ఎక్కించాను. పేజీ మీద "ఫ్రీ" అనే ఉంది మరి.

అది రెండు రోజులు బుద్ధిగా ఉంది.

మూడో రోజు, అంటే సరిగ్గా పెళ్లి రోజు, పీటల మీద కూర్చున్న జంట మొహాల మీదుగా ఇంత లావు అక్షరాలు వేసింది: ట్రయల్ వెర్షన్. సెవెన్ డేస్ లెఫ్ట్.

పెళ్లికూతురి మామ్మగారు మనవడితో చదివించుకుని, "ఏడు రోజులా? ఎవరికర్రా?" అన్నారు.

తీసేయబోతే "కొంటారా?" అని ఇంకో బాక్స్. అది మూస్తే మరో బాక్స్. సాఫ్ట్‌వేర్ మొత్తం మూసేస్తే తెర నల్లబడుతుంది. తాళి కట్టడానికి ఇంకా రెండే నిమిషాలు.

మావయ్య నా వంక చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి మండపం గుమ్మం వైపు పరిగెత్తాడు. అక్కడ మామిడాకుల తోరణం. ఫోన్ కెమెరా దానికి పెట్టి అక్కణ్నుంచే అరిచాడు.

"అల్లుడూ! మాగినవాట్లో ఫోన్ కెమెరాది తెరువు! దాని మీద అద్దాలది వెయ్యి! డోలుకి కలుపు!"

మూడూ ఫ్రీవే. మూడూ మాగినవే. ఒకటి ఫోన్ బొమ్మని తెర మీదకి తెచ్చింది. రెండోది ఆకుల్ని అద్దాల్లో పెట్టి ముగ్గులా పరిచింది. ఆ ముగ్గు కింద నా ఏడు రోజులు సమాధి అయిపోయాయి.

అప్పుడు గట్టిమేళం.

మూడోది డోలు చప్పుడు పట్టుకుంది, దెబ్బ దెబ్బకీ ఆకులు విచ్చుకుంటున్నాయి. సన్నాయి లేస్తే తెరంతా పచ్చగా లేస్తోంది. భోజనాల హాల్లో ముందే సీటు పట్టుకున్న వాళ్లు విస్తళ్లు వదిలేసి వచ్చారు. మా వైపు మనిషి విస్తరి వదిలి లేచాడంటే అది మామూలు విషయం కాదు.

ఆసామి గారు దగ్గరికొచ్చి, "ఏమయ్యా సూరిబాబూ, ఎంత పెట్టి కొన్నావిది?" అన్నారు.

"ఆకులు మీ తోటవేనండి. మిగతాది ఊరికే వచ్చిందండి."

ఆ సీజన్‌లో చింతలపూడి దాకా పెళ్లిళ్లన్నీ తెర సూరిబాబువే. ఒకప్పుడు గంప మోసిన మనిషిని "సూరిబాబు గారూ" అని కారు పంపి పిలిపించుకున్నారు.

నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేశాడు.

"మాగావా అల్లుడూ?"

నిన్న పాడె మోసింది ఎవరో తెలుసా? మాతో పోటీ పడే తెర ఆపరేటర్లు. అందరి దగ్గరా మావయ్య ఇచ్చిన "మాగినవి" ఫోల్డర్ ఉంది. ఒక్కో ప్లగిన్ పక్కన తెలుగులో నోటు: ఎలా వాడాలి, ఏది నొక్కకూడదు, చేసిన పుణ్యాత్ముడి పేరేంటి. ఎవరికి కావాలన్నా పెన్ డ్రైవ్ పట్టుకుని రండి. నేనిస్తాను. ఊరికే.

ఇవాళ పొద్దున మావయ్య పాత లాప్‌టాప్ తెరిచాను. పచ్చివాట్లో ఒక్కటే ఉంది. మొన్న సాయంత్రం దింపాడు.

చేయి లాగింది. కానీ లెక్క ప్రకారం రేపటికి గానీ మూడు రోజులు కావు.

ఇవాళ ఆడించి చూశాను. బుద్ధిగానే ఉంది. రేపు ఇంకోసారి చూసి, మాగినవాట్లోకి నేనే మారుస్తాను. నోటు నేనే రాస్తాను.

మాగాను మావయ్యా.

వెళ్లిరా. ట్రయల్ గడువు లేని శాంతి దొరకాలి నీకు.